మీటరు 41 చూపించింది, ఆమెకు నిద్ర పట్టలేదు: కడపలో ఒక లారీ మోత కేసు

నేను సౌండ్ కొలతలు, గదుల అకౌస్టిక్స్ పని చేస్తాను. ఎక్కువగా కల్యాణ మండపాలు, సినిమా హాళ్లు, జనరేటర్ గదులు. ఇళ్ల కేసులు తక్కువ, వచ్చినా "ఏ కంపెనీ కిటికీ వేయించమంటారు సార్" అనే ప్రశ్నతోనే వస్తాయి. ఈ ఇంట్లో ఆ కిటికీ అప్పటికే వేయించేశారు. మంచి కిటికీయే, పనితనం కూడా బాగుంది. అయినా బాధ తగ్గకపోగా పెరిగింది. అందుకే ఈ కేసు రాసి పెడుతున్నాను. ఇంటివాళ్ల వివరాలు, కాలనీ పేరు, షాపు పేరు తీసేశాను. కొలతల జోలికి పోలేదు.

ఇల్లు, వీధి

కడపలో ఒక పాత కాలనీ. రిటైరైన దంపతులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబు, నేలంతా కడప బండలు. పడకగది 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. గది పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. మంచం తల దక్షిణపు గోడకు ఆనించి ఉంది. కిటికీ వెనక సందు వైపు తెరుచుకుంటుంది. సందుకు అవతల ఒక సూపర్ మార్కెట్ గోడౌన్, దాని షట్టరు కిటికీకి సుమారు ఎనిమిది మీటర్లు. బియ్యం, నూనె, పప్పుల లారీలు తెల్లవారుజామున మూడున్నర నుంచి వస్తాయి. గోడౌన్ తాళం తీసే మనిషి వచ్చేది అయిదింటికి. ఈ మధ్యలో ఎంతసేపైనా లారీ ఇంజను ఆపకుండా సందులోనే నిలబడి ఉంటుంది.

ఆమె ఫిర్యాదు

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను: "చెవిలో ఇనపడదు నాయనా, ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంటాది. లారీ పోయినాక కూడా గుయ్ అంటానే ఉంటాది." భర్తకు మాత్రం ఏమీ వినపడదు. ఆయన హాల్లో కూలరు పెట్టుకుని పడుకుంటాడు. ఫోన్లో మోత కొలిచే యాప్ పెట్టి 38, 40 డెసిబెళ్లు చూపిస్తే "ఇంత నిశ్శబ్దంగా ఉంటే ఏం మోత" అని ఆమెతో వాదించేవాడు. ఇంటికి వచ్చిన చుట్టాలు పగటిపూట వస్తారు కాబట్టి వాళ్లూ ఆయన పక్షమే. నేను వెళ్లేసరికి మోత కన్నా ఈ మాటలే ఆమెను ఎక్కువ బాధపెడుతున్నాయి. డాక్టరు దగ్గర చెవులు కూడా చూపించుకుంది, వయసుకు తగ్గట్టే ఉన్నాయన్నారు.

ఆమె మాటల్లో నాకు పనికొచ్చిన ఆనవాళ్లు రెండు దొరికాయి. ఒకటి, అన్ని లారీలకూ మెలకువ రాదు. వీధిలో పెద్దగా అరిచే చిన్న బండ్లకు ఆమె లేవదు, మెల్లగా నడిచే పెద్ద లారీకి లేస్తుంది. రెండు, చలికాలంలో ఫ్యాను ఆపేసినప్పుడు మరీ ఎక్కువ. నిజంగా లేని మోత అయితే బండిని బట్టి మారదు.

ఏం నమ్మాలి, ఎలా తేల్చాలి

ఇలాంటి కేసుల్లో నేను ముందుగా తేల్చుకునేది మోత బయటిదా, ఇంట్లోదా, చెవిలోదా అన్నది. ఈ వరస తప్పితే ఆ తర్వాత పెట్టే ఖర్చంతా గుడ్డి ఖర్చే. మెయిన్ స్విచ్ ఆపించి విన్నాం, ఫ్రిజ్జు కాదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాదు, అది మన కరెంటుకు 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) దగ్గర ఝుమ్మంటుంది, నేను ఆ గదిలో విన్నది అంతకన్నా చాలా కింద ఉంది. తర్వాత కాలిబ్రేట్ చేసిన మైకు, రికార్డరు గదిలో వదిలి వచ్చాను. ఆమెకు ఒక నోటు పుస్తకం ఇచ్చి, మెలకువ వచ్చినప్పుడల్లా గడియారం చూసి టైము రాయమన్నాను. అంతకు మించి ఏమీ రాయొద్దు, లారీ ఉందో లేదో లేచి చూడొద్దు అని గట్టిగా చెప్పాను. చూసి రాస్తే అది రుజువు కాదు.

కొన్ని రాత్రుల తర్వాత పుస్తకాన్ని, రికార్డింగునూ పక్కపక్కన పెట్టి చూశాం. ఆమె రాసుకున్న ప్రతి టైము దగ్గరా, ఒక్కటి తప్ప, రికార్డింగు గ్రాఫులో 35 హెర్ట్జ్ దగ్గర నిట్టనిలువు గీత లేచి ఉంది. ఆ ఒక్కటి కుక్కల అరుపు. పుస్తకం భర్త చేతికిచ్చి, స్క్రీను ఆయన వైపు తిప్పాను. ఆయన చాలాసేపు చూసి, "అయితే ఇది నిజమేనా" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో వాదన ఆగింది. దీన్ని చికిత్సలో భాగంగానే లెక్కేస్తాను.

35 ఎందుకు వచ్చింది? ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. ఆరు సిలిండర్ల లారీ ఐడిల్లో, అంటే ఇంజను ఆపకుండా ఊరికే నిలబడ్డప్పుడు, నిమిషానికి 700 చుట్లు తిరిగితే సెకనుకు 35 మండుళ్లు. అదే నాలుగు సిలిండర్ల బండి 750 చుట్లకు 25 మండుళ్లే ఇస్తుంది. ఇక గది సంగతి. 16 అడుగులంటే దాదాపు 4.9 మీటర్లు. మన వేడికి గాలిలో శబ్దం సెకనుకు 350 మీటర్ల దాకా పోతుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చేది దాదాపు 36. లారీ కూసే స్వరమూ, గది తనంతట తాను మోగే స్వరమూ ఒకటే అయ్యాయి. చిన్న బండి 25 దగ్గర కూస్తుంది, దానికి గది పలకదు. ఆమె మొదట చెప్పిన ఆనవాలు ఇదే.

తొట్టిలో నీళ్లను మెల్లగా ఊపితే రెండు చివర్లా ఎగసి పడతాయి, నడిమధ్యలో మట్టం దాదాపు కదలదు. గదిలో గాలి ఒత్తిడి కూడా 35 దగ్గర అలాగే ఉంటుంది: రెండు పొట్టి గోడల దగ్గర గరిష్ఠం, మధ్యలో కనిష్ఠం. ఆమె దిండు సరిగ్గా గరిష్ఠం దగ్గరుంది. కొలిచాను. ఆ 35 హెర్ట్జ్ స్వరం ఒక్కటే కిటికీ బయట 75 డెసిబెళ్లు, దిండు దగ్గర 74. అంటే కిటికీ ఆపిందంతా గది తిరిగి తెచ్చిపెట్టింది. గది మధ్యలో కొలిస్తే బాగా తక్కువ. ఆయన పడుకునే హాల్లో, అదీ కూలరు మోతలో, తేలిగ్గా మునిగిపోయేంత.

41 అన్న అంకె

దిండు దగ్గర నా మీటరు 41 డీబీ(ఏ) చూపించింది, అంటే అట్టడుగు స్వరాలను బాగా కోసి లెక్కేసే ఏ-వెయిటింగులో 41 డెసిబెళ్లు. అదే క్షణంలో, వాటిని పెద్దగా కోయని సీ-వెయిటింగుకు మారిస్తే 72. ఈ రెంటి మధ్య 31 తేడా ఉండటమే అసలు రోగ లక్షణం. ఏ-వెయిటింగు 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెళ్లు కోసేసి చూపిస్తుంది, సీ-వెయిటింగు కోసేది 3. పైగా ఫోన్ మైకులు అట్టడుగు స్వరాలను అసలు సరిగా పట్టవు. ఆ తేడా 15, 20 దాటితే నేను ఏ-వెయిటింగు అంకెను పక్కన పెట్టేసి స్వరాలవారీగా చూస్తాను.

మామూలు చెవికి 35 హెర్ట్జ్ వినపడాలంటే దాదాపు 55 డెసిబెళ్లు దాటాలి. అప్పటిదాకా ఏమీ ఉండదు. దాటాక మాత్రం చాలా వేగంగా పెరుగుతుంది, పై స్వరాల్లో లాగా నిదానంగా కాదు. 55 దగ్గర లేనట్టున్నది 74 దగ్గర ఛాతీ మీద కూర్చుంటుంది. తగ్గించేటప్పుడు ఇదే మనకు కలిసొస్తుంది, పదీ పన్నెండు డెసిబెళ్లు తగ్గినా మనిషికి పెద్ద మార్పే.

కేసు పెట్టొచ్చు కదా అని అడిగారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డీబీ(ఏ), వాణిజ్య ప్రాంతంలో 55. పరిమితిని 10 మించితే అధికారికి ఫిర్యాదు చేసే వీలుంది. లారీ ఉన్నంతసేపు కిటికీ బయట 62 డీబీ(ఏ) వచ్చింది. కానీ లెక్క ఆ గంటది కాదు, ఎనిమిది గంటల రాత్రి సగటుది. సగటు తీస్తే 53 వస్తుంది. 45 దాటింది, 55 దాటలేదు. పైగా ఆ సందు నివాసమా వాణిజ్యమా అన్న పేచీ ఒకటి. ఆ దారి నేను వద్దన్నాను. గెలిచినా గెలుపు ఏ-వెయిటింగు మీదే కాబట్టి 35 హెర్ట్జ్ జోలికి ఎవరూ రారు, షాపువాళ్లతో మాట కూడా చెడుతుంది. మాట చెడకుండా ఉండటం తర్వాత చాలా అవసరమైంది.

పని చేయనివి

నేను వెళ్లకముందే పెట్టిన ఖర్చు యూపీవీసీ డబుల్ గ్లాసు కిటికీ. రెండు అయిదు మిల్లీమీటర్ల అద్దాలు, మధ్యలో 12 మిల్లీమీటర్ల గాలి. ఇలాంటి జోడీ అద్దాలు 200 హెర్ట్జ్ చుట్టుపక్కల తామే ఊగుతాయి. అంతకు పైన బ్రహ్మాండంగా పని చేస్తాయి. కింద మాత్రం అవి రెండు అద్దాలు కావు, పది మిల్లీమీటర్ల ఒకే అద్దం. 35 దగ్గర అది ఆపేది లెక్క ప్రకారం 12 డెసిబెళ్లు, పాత ఒంటి అద్దం 6. గోడ ఆపేది 36. కిటికీ బరువును ఎంత పెంచినా గోడతో పోటీ పడదు, బరువు రెట్టింపైనప్పుడల్లా దక్కేది ఆరే.

కొత్త కిటికీ హమాలీల కేకలను, షట్టరు చప్పుడును, ఇంజను కటకటను బాగా తగ్గించింది. ఇంతకాలం గుయ్ మోతను కొంత కప్పిపెట్టింది ఆ చప్పుళ్లే. అవి పోయేసరికి గుయ్ ఒక్కటే మిగిలి మరింత బయటపడింది. చలికాలంలో ఫ్యాను ఆపితే ఎక్కువవడానికి కారణం కూడా ఇదే.

గోడకు అతికించిన నురుగు పలకలు ఇంకొకటి. మెత్తటి పదార్థం శబ్దాన్ని బాగా మింగాలంటే ఆ తరంగం పొడవులో దాదాపు నాలుగో వంతు మందం ఉండాలి. 35 హెర్ట్జ్ తరంగం పొడవు పది మీటర్లు. రెండంగుళాల నురుగు గదిలో మాటలు మెత్తగా వినపడేలా చేసింది, అంతే. కాంపౌండ్ గోడను ఇంకో మూడు అడుగులు లేపుదామన్న ఆలోచన కూడా ఉంది. పది మీటర్ల తరంగం ముందు తొమ్మిది అడుగుల గోడ ఒక లెక్కలోకి రాదు, మోత దాని పైనుంచి వంగి దిగుతుంది. మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకముందే ఆపించాను.

ఇక్కడ ఒక మాట. ఈ సమస్యకు నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చెక్క చట్రం, జిప్సం బోర్డు గోడల ఇళ్లకు రాసినవి. ఆ గోడలు తామే కాస్త ఊగి అట్టడుగు మోతను కొంత మింగేస్తాయి. ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు, కింద బండలు ఉన్న మన గది ఏమీ మింగదు. లోపలికి వచ్చింది లోపలే తిరుగుతుంది. కాబట్టి ఆ సలహాలను యథాతథంగా తెచ్చి ఇక్కడ పెట్టడం కుదరదు.

పని చేసినవి

అన్నిటికన్నా ముందు అదుర్లు చూశాం. ఆమెను మేల్కొలిపేది గుయ్ అయినా, ఉలిక్కిపడేలా చేసేది మాత్రం దానివల్ల అదిరే వస్తువులు. లారీ ఉన్నప్పుడు దీపం ఆర్పి, ఒక్కో వస్తువు మీదా చెయ్యి పెట్టుకుంటూ గది చుట్టూ తిరిగాను. బీరువా తలుపు మీద చెయ్యి ఆనిస్తే ఒక సన్నటి గిరగిర ఆగింది. అటక మీద ఒకదాంట్లో ఒకటి పెట్టిన స్టీలు బేసిన్లు ఇంకో గొంతు. తలుపుకు ఫెల్టు ముక్కలు, బేసిన్ల మధ్య పాత చీరల గుడ్డ. ఖర్చు లేదని చెప్పొచ్చు.

సందు మొదట్లో కాలువ మీద పరిచిన ఒక బండ కదులుతూ ఉండేది. లారీ వెనక చక్రం ఎక్కగానే దడ్ మని నేల గుండా గదిలోకి వచ్చేది. ఇది గాలి మోత కాదు, నేల అదురు. రెండింటినీ కలిపి ఒకే జబ్బు అనుకోవద్దు. బండ కింద సిమెంటు మాలు వేయించి కూర్చోబెట్టాం, ఆ దడ్ పోయింది.

తర్వాత మంచం. లెక్క చెప్పిందల్లా దిండును గది పొడవు మధ్యకు తేవాలని. తల దక్షిణానికే ఉంచి మంచాన్ని గది మధ్యకు లాగితే, తల వెనక ఎనిమిది అడుగుల ఖాళీతో గది గదిలా ఉండదు. తల ఉత్తరానికి ఒప్పుకోరు, నేను అడగనూ లేదు. తూర్పు పొడుగు గోడకు, సరిగ్గా దాని మధ్యలో తల పెట్టి మంచం వేద్దామన్నాను. తూర్పుకు వాస్తు అభ్యంతరం లేదు, 11 అడుగుల వెడల్పులో మంచం పోగా నడవడానికి దారి ఉంది. జంట మంచం కాబట్టి ఒక్కో దిండు మధ్య నుంచి అడుగుంబావు పక్కకు పోతుంది. సున్నా దొరకదు, లెక్కకు 12 డెసిబెళ్లు తగ్గాలి. కొలిస్తే 74 కాస్తా 62 అయింది.

దీనికో ఇబ్బంది ఉంది. ఇంజను 35తో పాటు 70 దగ్గర కూడా కూస్తుంది, 70కి గది చివరలతో పాటు మధ్య భాగం కూడా గరిష్ఠమే. మధ్యకు జరిగితే ఒకటి తగ్గుతుంది, ఇంకొకటి తగ్గదు. అయితే 70 దగ్గర కొత్త కిటికీ 18 డెసిబెళ్ల దాకా ఆపగలదు. అందుకే మధ్యనే ఎంచుకున్నాను. దండగ అనుకున్న కిటికీ ఇక్కడ అక్కరకొచ్చింది. కిటికీ ముందు, మంచం తర్వాత కాకుండా, మంచం ముందు జరిపి ఉంటే ఆ కిటికీని ఇంత తిట్టుకునేవాళ్లు కాదు.

గదికీ హాలుకీ మధ్య తలుపు తెరిచి పడుకుంటే మూలల్లో ఇంకో నాలుగైదు డెసిబెళ్లు తగ్గింది. దోమల బాధకు తలుపుకు జాలీ పెట్టించుకున్నారు.

సందులో మాట

62 అంటే ఇంకా వినపడుతుంది. ఇక లారీ దగ్గరికి వెళ్లక తప్పలేదు. షాపు మేనేజరు కన్నా ముందు డ్రైవర్లతో మాట్లాడాను. ఇంజను ఎందుకు ఆపరో తెలియకుండా ఆపమని బోర్డు పెడితే దాన్ని ఎవరూ చదవరు. ఒకాయన: "ఆపితే ఎయిర్ దిగిపోతాది సార్. మళ్లా ఎక్కాలంటే రేజ్ జెయ్యాల, అప్పుడు మీకు ఇంకా మోత." ఇంకొకాయన: "సెల్ఫ్ ఎత్తుకోదన్నా, తోసేదానికి ఎవురుండారు ఆ టైములో." రెండూ నిజమైన కారణాలే. బ్రేకులకు గాలి ఒత్తిడి లేకపోతే లారీ కదలదు. అయితే గొట్టాలు బాగున్న బండిలో గాలి గంటలోనే దిగిపోకూడదు, బ్యాటరీ బాగుంటే సెల్ఫ్ మొరాయించదు. మిగతా డ్రైవర్లకు కారణం ఏమీ లేదు. గేటు ఎప్పుడు తెరుస్తారో తెలియదు కాబట్టి, పిలిచిన వెంటనే బండి ముందుకు తీయడానికి సిద్ధంగా ఉంటారు.

ఆ చివరి మాటే దారి చూపించింది. మేనేజరు దగ్గర నేను శబ్దం గురించి తక్కువ, డీజిలు గురించి ఎక్కువ మాట్లాడాను. పెద్ద లారీ ఊరికే నిలబడి గంటకు రెండు మూడు లీటర్లు తాగుతుంది. అది డ్రైవరు జేబులోంచి పోదు కాబట్టి అతనికి పట్టదు, ట్రాన్స్‌పోర్టు ఓనరుకు పడుతుంది. మేనేజరు ఓనర్లకు ఫోన్లు చేశాడు. రాత్రి వాచ్‌మన్‌కు గోడౌన్ తాళం ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు, సరుకు భయం. అందుకని తాళం కాకుండా టోకెను పెట్టారు: లారీలు మెయిన్ రోడ్డు పక్కన ఆగాలి, వాచ్‌మన్‌కు ఫోన్ చేసి వరస నంబరు తీసుకోవాలి, అయిదింటికి పిలిస్తేనే సందులోకి రావాలి, షట్టరు ముందు ఇంజను ఆపాలి. వరస పోదని తెలిశాక డ్రైవర్లు హాయిగా పడుకున్నారు.

మెయిన్ రోడ్డు ఆ కిటికీకి 60 మీటర్లు. ఎనిమిది మీటర్ల నుంచి అరవైకి వెళితే దూరం వల్లే 17 డెసిబెళ్లు పోతాయి, మధ్యలో ఇళ్లు వేరే. దిండు దగ్గర 35 హెర్ట్జ్ వినికిడి హద్దు కిందికి దిగింది. ఆమె నోటు పుస్తకంలో టైములు పలచబడ్డాయి. ఐస్‌క్రీం తెచ్చే రిఫ్రిజిరేటెడ్ వ్యానుకు మాత్రం చల్లబరిచే యంత్రం ఆపడానికి వీల్లేదు, దాన్ని పగటిపూటకు మార్చారు.

తర్వాత

కాగితం మీద ఇంకో ఉపాయం ఉంది. దక్షిణపు గోడకు పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను అడుగు ఎడంగా, చుట్టూ గాలి పోకుండా బిగిస్తే అది 35 దగ్గరే ఊగి మోతను మింగుతుంది. డ్రాయింగు ఇచ్చాను. అడుగు మేర గది పోతుంది, దక్కేది మహా అయితే మూడు నాలుగు డెసిబెళ్లు, అందుకని నేనే తొందరపడొద్దన్నాను. అదే గోడకు లోతైన వార్డ్‌రోబు చేయించే ఆలోచన వస్తే వెనక పలకను ఈ లెక్కతో చేయించుకోమన్నాను.

దసరా, దీపావళి సరుకు వచ్చేటప్పుడు బయటి జిల్లాల లారీలు, టోకెను సంగతి తెలియని డ్రైవర్లు వస్తారు. అప్పుడు మళ్లీ ఒకటీ అరా సందులోకి వచ్చేస్తాయి. వాచ్‌మన్ నంబరు ఇప్పుడు ఇంటివాళ్ల దగ్గరుంది, ఫోన్ చేసేది భర్తే.

ఇంకొకటి రాబోతోంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. కడప ఎండకు, ఉక్కకు అది డ్రైవర్ల హక్కే, కాదనడానికి లేదు. కానీ ఏసీలో పడుకున్న డ్రైవరు ఇంజను ఆపడు. మెయిన్ రోడ్డు మీద ఆగే చోటు పక్కనే కొత్తగా ఒక అపార్ట్‌మెంటు లేస్తోంది, దాని పడకగదులు రోడ్డు వైపే ఉన్నాయి. లారీలు ఆగే చోటును పెట్రోలు బంకు అవతలి ఖాళీ స్థలానికి జరిపే విషయం మేనేజరుతో మాట్లాడుతున్నాం.